ఒకరు చేప కావాలి

కిర్ర్...

చిమట కూసినట్టు. కానీ పట్టపగలు. చిమటలు నిద్రపోయే వేళ.

ఇత్తడి పళ్ళ మీదుగా ఉక్కు నాలుక జారిన చప్పుడు. ఆగింది. మళ్ళీ — కిర్ర్...

సికింద్రాబాదులో, మోండా మార్కెట్ వెనక సందు ఆ చప్పుడు విని మూడు నెలలయింది.

"కదిలింది," అన్నాడు హుస్సేన్ తనలో తాను. "రీలు కదిలింది."

అంతే. వారానికి సరిపడా మాటలు ఒక్కసారే వాడేసినవాడిలా మళ్ళీ పెదవులు బిగించాడు.

గోడకు అవతల బాలమ్మ ఉంది. చిక్కుడుకాయల బాలమ్మ. ఆమె చెవిలో సగం మాట పడితే చాలు, మిగతా సగం ఆమే పండించుకుంటుంది.

"రైలు కదిలిందట," అంది బాలమ్మ, సందు మొత్తానికి.

సందు లేచింది.

పటాలం దిగిన నాటి నుంచి రైళ్ళు లేవు. పేరుకు పోలీసు చర్య — వచ్చినదంతా పటాలం. అయిదు రోజుల్లో అయిపోయింది. నిజాం రాజ్యం చేతులు మారింది, రైళ్ళు మాత్రం మారు మాట్లాడలేదు. ఒకరి కొడుకు బెజవాడలో. ఒకరి అక్క షోలాపూరులో. భయపడి సరిహద్దు దాటినవాళ్ళు, రైలెక్కితే తప్ప తిరిగిరాలేనివాళ్ళు.

సందంతా స్టేషనుకు నడిచింది. ఖాళీ పట్టాలు చూసింది. పొద్దు వాలాక కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది.

ఎవరన్నారు? ఎవరో అన్నారు.

హుస్సేన్ అరుగు మీదే ఉన్నాడు. చెప్పడానికెంతసేపు? ఒక్క అక్షరం తేడా. చెప్పలేదు.

బిగువు మనిషి.

*

జీనులు కుట్టడం అతని పని. కళ్ళేలు, నడుంపట్టీలు, గుర్రం ఒంటి మీద తోలుతో చేసేదేదైనా. దండులో తెల్లదొరలున్నన్నాళ్ళు చేతినిండా పని. దొరలు వెళ్ళారు, గుర్రాలు వెళ్ళాయి. తోలు మిగిలింది.

ఎదురింట్లో బ్రహ్మచారి. ఇత్తడి పోత పనివాడు. పేరుకు బ్రహ్మచారి. ఇంట్లో భార్య శ్యామలమ్మ, అయిదుగురు పిల్లలు.

ఓడెక్కే ముందు ఒక దొర గాలం దారం చుట్టే తన చేపల రీలును ఇద్దరి మధ్యా పెట్టి వెళ్ళాడు. దాన్ని బాగుచేసి బాగుచేసి నిలబెట్టింది ఆ ఇద్దరే కనుక. అందులో ఇత్తడి చారిది. తోలు హుస్సేన్‌ది.

ఒక రీలు. ఒక గాలం కట్టె. ఇద్దరు మనుషులు.

"సాగర్ నా పేరు మీదున్నది," అనేవాడు హుస్సేన్, ఆదివారాలు హుస్సేన్ సాగర్ గట్టు మీద కూర్చుని. ఆదివారాల్లో అతనికి నాలుగు మాటలొచ్చేవి.

"చేపలు మాత్రం నా పేరు మీదున్నయి, సూడు," అనేవాడు చారి.

నీళ్ళు ఇద్దరినీ విని ఊరుకునేవి.

*

రీలు పక్కన ఆకాశపు చుక్క ఆకారంలో ఒక చిన్న చక్రం ఉంటుంది. దాన్ని ముందుకు తిప్పితే లోపలి బిళ్ళలు దగ్గరవుతాయి — ఇత్తడి బిళ్ళ, తోలు బిళ్ళ, మళ్ళీ ఇత్తడి, మళ్ళీ తోలు. ఒకదాన్నొకటి అదిమి పడతాయి. వెనక్కి తిప్పితే ఊపిరి తీసుకుంటాయి.

మరీ బిగిస్తే చేప గుంజిన గుంజుకు దారం తెగుతుంది.

మరీ వదిలితే చేప సాగర్ అవతలి గట్టుకు, అక్కడి నుంచి ఎవరి పెళ్ళికో పోతుంది.

పట్టూ ఉండాలి. విడుపూ ఉండాలి. దారం కూడా పట్టుదే — దొర వదిలిపోయిన పట్టుదారం, నూట యాభై గజాలు. సరిహద్దులు మూసినప్పటి నుంచి బజారులో సూదికే దిక్కు లేదు. తెగితే మరో దారం లేదు. ఆ దారమే ఆధారం.

ఆ చుక్కను ఎంత బిగించాలో ఏ త్రాసూ చెప్పదు. అందుకే ఒకరు కట్టె పట్టుకుని అరుగు మీద నిలబడాలి. ఒకరు దారం కొస వేలికి చుట్టుకుని సందులోకి నడిచిపోవాలి.

ఒకరు చేప కావాలి.

ఎప్పుడూ చారే చేప. అతని వేలికి తెలుసు. ఒక్క గుంజు గుంజితే — వదులు చెయ్. రెండు గుంజులు — సరిపోయింది. సరిపోయాక చేప తనంతట తాను తిరిగి రాకూడదు. కట్టె పట్టినవాడు చుట్టుకోవాలి. సందులో అయిదుగురు పిల్లల తండ్రి, వేలికి దారంతో, చుట్టిన కొద్దీ అడుగులో అడుగేస్తూ వచ్చేవాడు. నోరు తెరుస్తూ, మూస్తూ.

పిల్లలు నవ్వేవారు. పెద్దవాళ్ళూ నవ్వేవారు.

ఇంకొక్క నియమం ఉంది. అది చారి పెట్టింది. పని అయ్యాక చుక్కను వదులు చేసి రీలును పెట్టెలో పెట్టాలి. బిగించి వదిలేస్తే బిళ్ళలు అంటుకుపోతాయి. అప్పుడు దారం తెగేది చేప బలానికి కాదు. మొదటి గుంజుకు. కదలాల్సిన బిళ్ళ కదలనందుకు.

*

ఆషాఢంలో ఒక సాయంత్రం.

రీలు సరిచేయడం అప్పుడే అయింది. చుక్క ఇంకా బిగించే ఉంది. చారి ఇంటి ముందు పదిమంది ఆగారు. ఖాకీ చొక్కాలు. రజాకార్లు. ముందు నిలబడ్డవాడు జమాలుద్దీన్ — హుస్సేన్ భార్య సర్దార్ బీకి సొంత తమ్ముడు. ఇదే సందులో, చారి చేసిచ్చిన ఇత్తడి బొంగరం తిప్పుతూ పెరిగినవాడు.

తలుపు మీద లాఠీ. ఒకసారి. ఇంకోసారి.

పోత పోసే పెట్టెలు మోరీ కాలవలో పడ్డాయి.

చారి కిటికీలోంచి అరుగు వైపు చూశాడు. "హుస్సేనూ. నీ బామ్మర్దికి ఒక్క మాట చెప్పు."

హుస్సేన్ తోలు కోస్తున్నాడు.

కత్తి ఆగలేదు. తల లేవలేదు.

ఒక్క మాట.

తెల్లారి చారి ఇంటికి తాళం ఉంది. రైలెక్కి బెజవాడ వెళ్ళారని బాలమ్మ చెప్పింది. అది మాత్రం ఆమె సరిగ్గానే విన్నది.

రీలు పెట్టెలోకి పోయింది. చుక్క వదులు చేయాలని ఎవరికీ గుర్తు రాలేదు.

వానలు కురిశాయి. సాగర్ నిండింది. ఎవరూ గాలం వేయలేదు.

*

పటాలం వచ్చిన రోజు జమాలుద్దీన్ ఖాకీ చొక్కా విప్పి బావి గట్టున పడేసి పోయాడు. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. సర్దార్ బీ ఆ చొక్కాను ముట్టలేదు, పారేయలేదు.

ఇప్పుడు భయం ఎదురింట్లోంచి ఈ ఇంట్లోకి మారింది. సందు అదే. గోడలు అవే.

హుస్సేన్ బయటికి పోలేదు. రీలు పెట్టె తీశాడు.

గుంజాడు. రాలేదు. ఇంకాస్త గుంజితే దారం తెగుతుందని వేలికి తెలిసి ఆగాడు.

మరలు విప్పాడు. తోలు బిళ్ళ ఇత్తడి బిళ్ళను కరుచుకుని ఉంది. నల్లగా, ఎండిపోయి... విడదీస్తే పొరలు పొరలుగా చిరిగింది. తన చేత్తో కోసిన తోలు. దండులోకెల్లా మేలైన తోలు.

అప్పుడు పెట్టె అడుగున అది కనిపించింది. నిరుడు చారి తెచ్చిన ముక్క — లారీ బ్రేకులో వేసే గట్టి గుడ్డ, సన్నని ఇత్తడి తీగ కలిపి నేసింది. వేడెక్కినా కరగదు, ఎండినా అంటుకోదు, ఇదేద్దాం అన్నాడు చారి. తోలుండంగ గుడ్డెందుకు అన్నాడు హుస్సేన్. అదొక్కటే అన్నాడు. ఏడాది పాటు అదే అన్నాడు.

కత్తెర తీశాడు.

మూడు బిళ్ళలు. గుండ్రంగా. అంచులు నున్నగా. ఇత్తడి బిళ్ళలను బూడిదతో తోమాడు, ముఖం కనిపించేదాకా. కనిపించిన ముఖాన్ని ఎక్కువసేపు చూడలేదు. ఒక బొట్టు నూనె. పట్టుదారం నీడన ఆరబెట్టి మూరమూరకూ తేనెమైనం రాశాడు.

బిగించాడు. గుంజాడు.

కిర్ర్...

ఆ రోజే సందు స్టేషనుకు నడిచింది.

*

రైలు నిజంగానే వచ్చింది, వారం తర్వాత. మార్కెట్లో తంగేడు పూలు దిగుతున్న పొద్దున.

చారి ఒక్కడే వచ్చాడు. అద్దె ఎడ్లబండిని సందు మలుపు అవతల నిలిపాడు. సందులోకి బండి పట్టదు.

"సామాను తీస్కపోతానికొచ్చిన," అన్నాడు, సర్దార్ బీతో. అరుగు వైపు చూడలేదు. "బెజవాడల కొట్టు చూసుకున్న."

"నీ ఇంట్ల సామాను లేదన్నా. మా ఇంట్ల ఉన్నది."

ఖాళీ ఇళ్ళ తాళాలు పగులుతున్న రోజుల్లో చారి పెరటి గోడ మీదుగా మోసుకొచ్చింది సర్దార్ బీ, హుస్సేన్ ఇద్దరే. ఆకురాళ్ళు, సుత్తులు, పట్టకార్లు — ఒక్కొక్కటీ తోలులో చుట్టి, కుట్టి. చారి ఒక కుట్టు విప్పాడు. ఆకురాయి మీద బొటనవేలు రాశాడు.

"తుప్పు పట్టలే."

"పట్టనిస్తడా ఆయన? రోజు తీసుడు, తుడుసుడు."

"ఏమన్న అన్నడా?"

"ఏమంటడన్నా. ఆయన నోరు సుత నీ ఇంటి లెక్కనే. తాళమేసున్నది. చాయ్ తాగు."

చాయ్ తాగాడు. సామాను మోసుకుపోయి బండిలో పెట్టి వచ్చాడు. రెండుసార్లు. మూడోసారి చేతులు ఖాళీ. ఇక మిగిలింది లేదు.

హుస్సేన్ రీలును అరుగు మీద పెట్టాడు, ఇద్దరి మధ్యా. దొర పెట్టినట్టే.

చారి కూర్చోలేదు. కానీ చేయి ఊరుకోదు కదా, పనివాడి చేయి. మరలు విప్పాడు. లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బ్రేకు గుడ్డ ఏసినవా."

"ఏసిన."

"తోలుండంగ గుడ్డెందుకంటివి."

"అంటి."

మరలు మళ్ళీ బిగుసుకున్నాయి, ఒక్కొక్కటిగా.

"బిగించి పెట్టినవా దీన్ని, ఇన్ని దినాలు?"

"పెట్టిన. అంటుకపోయింది."

"నేను చెప్పలే?"

"చెప్పినవ్."

ఎండ అరుగు మీదికి జరిగింది.

"ఒక్కపారి చేపవు గారాదు, చారీ."

"బండాయన ఆగడు."

"దారమున్నంత దూరమే."

చారి దారం కొస తీసుకున్నాడు. చూపుడువేలికి రెండు చుట్లు. పాత గీత పడ్డ చోటే.

నడిచాడు.

హుస్సేన్ రీలున్న కట్టెను ఎత్తి పట్టాడు. మొదటి గుంజు. తెగేదైతే ఇక్కడే తెగుతుంది.

కిర్ర్...

జారింది. నూనెలా. నీళ్ళలా. కుదుపు లేదు, కరుపు లేదు. చారి నడిచిన కొద్దీ అంతే బరువు, అంతే వదులు. పది గజాలు. ఇరవై.

సందు గుమ్మాల్లోకి వచ్చింది. బాలమ్మ తట్ట దించింది.

అప్పుడు హుస్సేన్ నోరు తెరిచాడు.

"బాలమ్మా. ఆ దినం నేనన్నది రైలు గాదు." కట్టె కాస్త పైకెత్తి చూపాడు. "రీలు. గిదే రీలు కదిలిందన్న. మీరంత టేషన్‌కు పోయి పరేషానైన్రు. నేను చెప్పాలె. చెప్పలే."

గుమ్మాలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఎవరో నవ్వారు.

"గిప్పుడు చెప్తవా," అంది బాలమ్మ. "నా మోకాళ్ళు ఇంక టేషన్‌లనే ఉన్నయి."

దారం సన్నగా వణికింది. ముప్పై గజాల అవతల ఒక వీపు నవ్వు ఆపుకుంటోందని కట్టె చెప్పింది హుస్సేన్ అరచేతికి.

"ఇంకోటి సుత ఉన్నది," అన్నాడు.

నవ్వు ఆగింది.

"జమాల్‌ను ఆ దినం ఆపాలె. నా ఇంటి పోరడు. చారి నన్నడిగిండు. ఒక్క మాట. నేను తోలు కోసుకుంట కూసున్న. భయమయింది. అనలే. తప్పు నాది."

గుమ్మంలో సర్దార్ బీ. లోపలికి పోలేదు. కొంగు ముఖానికి కప్పుకోలేదు. నిలబడింది.

దారం ఆగింది.

చారి వెనక్కి తిరగలేదు. గాలి కూడా అటే చూస్తున్నట్టుంది.

తర్వాత — కిర్ర్... నడిచాడు. అరవై గజాలు. ఎనభై. మలుపు వచ్చింది. మలుపు తిరిగాడు.

కనబడలేదు.

గోడ అంచును రాసుకుంటూ దారం పోతోంది. మలుపు అవతల బండి. బండిలో సామాను. బండి ముందు స్టేషనుకు పోయే రోడ్డు.

కిర్ర్...

ఆగింది.

హుస్సేన్ చుట్టడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు — వదులు దారం. రెండు — వదులు. కొస విప్పి పోయాడా. మూడు —

బరువు.

బండి చక్రానికి కట్టి పోయాడేమో. దారం మీద వేలు ఆనించాడు. చక్రం బరువు వేరు. ఇది లోతు నీళ్ళలో తల తిప్పుకునే బరువు.

ఒక గుంజు.

ఒక్కటే.

"బిగించు, హుస్సేనూ," అంది బాలమ్మ, గొంతు తగ్గించి. "పోతడు, బిగించు."

హుస్సేన్ చుక్క మీద వేలు పెట్టాడు. వెనక్కి తిప్పాడు. ఒక్క పన్ను మేర.

దారం ఎండలో మెరుస్తోంది. సందు పొడవునా, నీటి అంచులా.

కిర్ర్...

ఆగింది. అరచేయి తెరుచుకునే ఉంది, రెండు గుంజుల కోసం.

కిర్ర్...