కళ్ళు మూసుకున్నానంతే

మంగళవారం మధ్యాహ్నం 2:14కు ఒక రిటైర్డ్ టెలిఫోన్ ఆపరేటర్ నిద్రపోయారు. తొమ్మిది నిమిషాలు. ఆమె తల మీద పందొమ్మిది తీగలు అంటించి ఉన్నాయి కాబట్టి ఇందులో అనుమానం లేదు. ఒప్పుకోనిది ఆమె ఒక్కరే.

"నిద్రా? నేనా? కళ్ళు మూసుకున్నానంతే," అన్నారు లేచి కూర్చుంటూ.

"ఇదిగో చూడండి అత్తయ్యా. ఇక్కడి నుంచి ఇక్కడిదాకా మీ మెదడు పడుకుంది," అంది కోడలు తెర మీద గీత చూపించి.

"మెదడు పడుకుందేమో. నేను పడుకోలేదు."

కోడలు మెదడు శాస్త్రవేత్త. నిద్రలో మెదడు చెవులకు తలుపు వేస్తుంది గానీ గడియ పెట్టదు. ఏ చప్పుడుకు తెరవాలో, దేనికి అక్కర్లేదో మెదడులో ఏ భాగం తేలుస్తుందన్నది ఆమె పరిశోధన. వచ్చినవాళ్ళు చేతిలో బటన్ పట్టుకుని పడుకుంటారు. హారన్, తలుపు, గిన్నె పడిన శబ్దం, మధ్యమధ్యలో ఫోను గంట వినిపిస్తారు. గంటకు మాత్రమే బటన్ నొక్కాలి. లేచాక ఒక కాగితం ఇస్తారు. అందులో ఒకటే ప్రశ్న: నిద్రపోయారా?

దగ్గరి బంధువులు లెక్కలోకి రారు. అత్తగారు వచ్చింది పరిశోధన కోసం కాదు, ఒక మెమో కోసం.

ఇరవై ఆరేళ్ళ కిందట, మధ్యాహ్నం 2:40కి, ఆమె డ్యూటీలో నిద్రపోతున్నారని సూపర్వైజర్ మెమో ఇచ్చారు. ఆ మెమోతో ప్రమోషన్ రెండేళ్ళు వెనక్కి పోయింది. ఆమె ఇచ్చిన జవాబులో రెండు వాక్యాలున్నాయి: "నిద్రపోలేదు, కళ్ళు మూసుకున్నానంతే. కాల్ ఒక్కటీ పోలేదు." రెండు కాగితాలూ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. ఆదివారం పెన్షనర్ల సమావేశానికి ఆ సూపర్వైజర్ వస్తున్నారు.

"పడుకోలేదని రాసివ్వు. ఆయన ముందు పెడతాను."

"పడుకున్నారని మిషన్ చెప్తుంటే లేదని ఎలా రాయను?"

"మొన్న నా వంటలో ఉప్పు ఎక్కువైతే బ్రహ్మాండంగా ఉందన్లేదూ? అలాగే రాయి."

"దాని మీద సంతకం పెట్టలేదు కదత్తయ్యా!"

టెక్నీషియన్ పక్క గదిలోంచి తల బయటపెట్టాడు. "మేడమ్, బటన్ రికార్డు చూశారా?"

ఆ తొమ్మిది నిమిషాల్లో ఫోను గంట అయిదుసార్లు మోగింది. అత్తగారు అయిదుసార్లూ నొక్కారు. మిగతా చప్పుళ్ళకు వేలు కదల్లేదు. గంటకూ గంటకూ మధ్య గీత మళ్ళీ నిద్రలోకి జారింది.

కోడలు రెండు వరుసలు రాసి సంతకం పెట్టింది. మొదటిది: నిద్ర, తొమ్మిది నిమిషాలు. రెండోది: ఫోను గంటలు అయిదు, జవాబులు అయిదు.

"మొదటిది కొట్టెయ్యకూడదూ?"

"కూడదు."

ఆదివారం సూపర్వైజర్ ఆ కాగితం కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "నిద్రపోయారనే ఉంది కదమ్మా. నేను రాసిందీ అదే."

"రెండోది చదవండి సార్."

"నిద్రలో గంట ఎవరికి వినిపిస్తుందమ్మా? పైగా రాసింది మీ కోడలాయె."

"అయితే మీరే వచ్చి పడుకోండి."

చుట్టూ ఉన్న తొమ్మిది మంది నవ్వారు. ఇక ఆయనకు వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

బుధవారం రెండింటికి ఆయన ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. అత్తగారు బయట బెంచీ మీద కూర్చున్నారు.

"నాకు పగలు నిద్ర పట్టదు, ముందే చెప్తున్నా. మీ టైం వేస్టవుతుంది," అన్నారాయన.

"పర్లేదండి. ఊరికే పడుకోండి," అన్నాడు టెక్నీషియన్.

2:09కి గీత నిద్ర చూపించింది. 2:12కి టెక్నీషియన్ మైకు శబ్దం తగ్గించాడు, గురకకు. గంట అయిదుసార్లు మోగింది. బటన్ ఒక్కసారీ నొక్కలేదు. 2:35కి లేపి కాగితం ఇచ్చారు.

ఆయన రాశారు: "లేదు. కళ్ళు మూసుకున్నానంతే."

కోడలు ఆయనకు గీత చూపించింది. మైకు రికార్డు కూడా వినిపించింది. ఆయన పూర్తిగా విన్నారు.

"ఇది నేనేనా?"

"మీరేనండి."

"బయట ఆవిడకు చూపిస్తారా?"

"అది మీ సొంత కాగితం. మీరు ఇవ్వమంటేనే."

ఆయన కాగితం పట్టుకుని తనే బెంచీ దగ్గరకు వెళ్ళారు. అత్తగారు చదివి, కవర్లోంచి తన పాత జవాబు తీసి దాని పక్కన పెట్టారు.

"ఆ రోజు కాల్ ఏదైనా పోయిందా?" అని అడిగారు సూపర్వైజర్.

"రిజిస్టర్ మీరే చూశారుగా సార్."

"చూశాను," అని ఆయన జేబులు తడుముకున్నారు. "పెన్నుందా అమ్మా?"

అత్తగారు పెన్ను ఇచ్చారు. మెమో అడుగున ఆయన ఒక వాక్యం రాశారు: "కాల్ ఒక్కటీ పోలేదు." కింద సంతకం, తేదీ, సమయం. 2:58.