సున్నా దగ్గర ఆగిన ముల్లు

ప్రాక్టికల్ పరీక్ష మొదలై చాలాసేపయినా వదిన బల్ల మీది మీటరు ముల్లు నడిమధ్య సున్నా దగ్గరే భీష్మించుకుని కూర్చుంది. పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక, ఆడపడుచు పోరు పడలేక ఆమెతోపాటే ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరిన మనిషి వదిన. వైరింగులో చేయి తిరిగింది గానీ, లెక్కలంటే మాత్రం గుండెల్లో రాయి పడుతుంది.

బోర్డు మీద ఎడమపక్క ఒకటి, కుడిపక్క ఒకటి ఆరు వోల్టుల బ్యాటరీలు. మధ్య తీగలో ఎంత కరెంటు పారుతోందో, ఎందుకో చెప్పాలి. మీటరేమో అసలు లేదంటోంది.

"మీటరు పోయినట్టుంది వదినా," జోడీగా నిలబడ్డ ఆడపడుచు గొణిగింది.

మీటరు మార్చారు. వైర్లు బిగించారు. ముల్లు ససేమిరా కదలలేదు.

అప్పుడు తట్టింది వదినకు, మాస్టారు క్లాసులో చెప్పిన సూపర్‌పొజిషన్ సిద్ధాంతం. అన్ని బ్యాటరీలతో ఒకేసారి కుస్తీ పట్టొద్దు, ఒక్కోదాని సంగతీ విడిగా తేల్చి, దిక్కు చూసుకుని కలపమన్నాడాయన.

"కుడిదాన్ని తీసెయ్," అంది.

"తీసి?"

"దాని రెండు వైర్లూ కలిపెయ్. ఖాళీ వదిలేస్తే కరెంటుకి ఆ దారే మూసేసినట్టవుతుంది."

ముల్లు చటుక్కున కుడివైపు ఇరవై మిల్లీయాంపుల దగ్గరికి దూకింది. వదిన కుడిదాన్ని పెట్టించి, ఎడమదాన్ని అలాగే తీయించింది. ఈసారి ఎడమవైపు ఇరవై.

"ఒకటి ఇటు తోస్తోంది, ఒకటి అటు. మీటరు బంగారంలా ఉందే! ఉన్న మాటే చెప్తోంది."

వెనక నుంచి వింటున్న మాస్టారు ముందుకొచ్చి, స్విచ్చి ఆపి, ఎడమపక్క తొమ్మిది వోల్టుల బ్యాటరీ బిగించాడు. "ఇప్పుడెంతమ్మా? స్విచ్చి వేయకముందే చెప్పాలి."

ఆడపడుచు కాగితం కోసం వెతుక్కుంటోంది. వదిన కాగితం లేకుండానే చెప్పేసింది.

"ఎడమది ఒకటిన్నర రెట్లయింది కాబట్టి ముప్పై, కుడికి. రెండోది మామూలే, ఇరవై, ఎడమకి. పోగా పది, కుడికి."

"ఖాయమేనా?"

"వేసి చూడండి సార్."

స్విచ్చి పడింది. ముల్లు కుడికి జరిగి, కాస్త ఊగి, పది మీద నిలిచింది. ఆడపడుచు ఆమె భుజం మీద ఒక్కటి చరిచింది. వదినకు నవ్వాగలేదు. మాస్టారు మార్కులు వేస్తున్నా అటు చూడనైనా లేదు.

"సార్, మూడో బ్యాటరీ ఏమైనా ఉందా? అది కూడా పెడితే ఎంతొస్తుందో చూద్దాం."

మాస్టారు గడియారం వంక చూశాడు. తర్వాత సొరుగు లాగాడు.