ఒకటి మిగలని లెక్క

ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. కోరుట్లలో భూమవ్వ మధ్యాహ్నాలు నలభై ఏళ్లుగా ఇట్లాగే గడిచాయి. బీడీకట్టల లేబుళ్ల మీది అక్షరాలు కూడబలుక్కుంటూనే ఆమె చదువు నేర్చింది. కాగితం కనబడితే చదవకుండా ఉండలేదు. మనుమరాలు సృజన ముందర పరిచిన కాగితం నిండా ఒక్కటే సంఖ్య, మూడు వందల పైచిలుకు అంకెలు, చీమలబారులా.

సృజన జగిత్యాలలో ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది. సెలవొస్తే సిరిసిల్లలో తల్లిదండ్రుల దగ్గరికి పోయే పిల్ల, రెండు నెలలుగా ఇక్కడికే వస్తోంది. బిడ్డ రజిత కాపురానికి ఏమైందోనని భూమవ్వకు గుబులు. అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

"గింత లెక్క ఏం జేసుకుంటరే?"

"విరుగుతదా లేదా అని చూస్తరు, అమ్మమ్మా. అన్నీ సమానం కట్టలు కట్టొస్తదా అని."

భూమవ్వ చివరి అంకెల మీద వేలు పెట్టింది. ముప్పై ఏడు. ఇరవై ఐదు బీడీలకో కట్ట కట్టే చేతికి అది చాలు. "కట్టకు రాదు. పన్నెండు మిగుల్తయి. ఇగ విరగనట్టే."

సృజన నవ్వింది. "నీ కట్టకు రాదు. ఇంకో కట్టకు వస్తది. ఎన్నింటి కట్టనో ఎవ్వలకు దొరకలే. విరుగుతదన్నది మాత్రం పక్కా."

"దొరకకముందే ఎట్ల జెప్తవే? సోది చెప్పనేర్సినవా?"

"ఒక పరీక్ష ఉంటది. గీ సంఖ్యల ఒకటి తీసేస్తే ఎంతొస్తదో, గన్ని రెండ్లు తీసుకొని అన్నిట్ని గుణించాలె. వచ్చినదాన్ని గీ సంఖ్యతోనే భాగిస్తే, విరగనిదైతే ఒకటే మిగలాలె. కంప్యూటర్ల ఏసి చూసిన. మిగల్లే."

"ఒకటి మిగిల్తె మంచిదే అన్నట్టు."

"గట్ల గాదు. విరిగేటియి గూడ కొన్ని ఒకటే మిగిల్చి మోసం జేస్తయి. మిగల్లేదంటే మాత్రం విరిగేదే. యాడ అన్నది తెల్వదు."

భూమవ్వ చేతిలోని ఆకు చుట్టడం పూర్తికాకముందే విచ్చుకుంది.

ఆమెకూ ఒక పరీక్ష ఉంది. ఇంట్లో ఫోన్ పెట్టించుకున్నప్పటి నుంచి రోజూ రజితను అడిగేది ఒకటే మాట: "అల్లుడు తిన్నడా?" సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే అల్లుడు జలపతి తిన్నా తినకున్నా, "తిన్నడవ్వా" అన్నదే జవాబు. గొంతు బొంగురుపోయిన రోజున కూడా అదే. ఆ మాట విన్నాకే భూమవ్వకు నిద్ర పట్టేది. నిన్న మాత్రం రజిత, "నాకేం తెలుసవ్వా" అంది.

"మీ అమ్మను నిన్న అడిగిన" అంది భూమవ్వ. "ఒకటి మిగల్లే."

సృజన కాగితం మడిచింది. మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. "బాపు సాంచాల షెడ్డులనే ఉంటున్నడు. రెండు నెలలాయె. నీకు చెప్పద్దన్నది అమ్మ, నీ పాణం ఆగదని."

భూమవ్వకు ఇది కొత్త కాదు. మామగారింట్లో ఒక పొయ్యి మూడు కావడం చూసింది. మస్కట్ పోయిన మగడు తిరిగి రాకపోవడం చూసింది. ప్రతిసారీ ఎక్కడ తెగిందా అని ఏళ్లతరబడి వెతికింది. వెతకడం వల్ల ఏదీ అతుక్కోలేదు.

ఫోన్ అందుకుంది.

"బిడ్డా, ఆకు మస్తుగ వచ్చింది. నా చేతులాడుతలేవు. రేపు రుద్రంగి మీదికెళ్లి వచ్చే బస్సెక్కు."

"చూస్తనవ్వా."

"అల్లుడు..." అలవాటుగా మాట నోట్లోకి వచ్చేసింది. ఆపుకుంది. "నువ్వు తిన్నవా?"

"లేదవ్వా" అంది రజిత.

"ఫోన్ పెట్టకు. లేచి అన్నం పెట్టుకో. నేను ఇనుకుంట ఉంట."

భూమవ్వ చాట పక్కకు జరిపి కాళ్లు చాపుకుంది. కంచం చప్పుడు వినబడేదాకా ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంది.