కొట్టుగదిలో గుండుపురుగు

జనగామలో పల్లీల వ్యాపారం చేసే వెంకట్రాజం ఇంట్లో తెల్లారగానే అతని భార్య కళావతి చేసే మొదటి పని వాకిలి ఊడవడం కాదు. వెనక కొట్టుగదిలోని గుండుపురుగు మీద బిందెడు నీళ్ళు పోయడం. రాళ్ళకింద తేమలో పాకుతూ, ముట్టుకుంటే గుండ్రంగా ముడుచుకునే బూడిదరంగు పురుగులు అందరూ చూసినవే. ఇదీ ఆ జాతిదే, కాకపోతే పడుకున్న ఎద్దంత ఉంటుంది. కుళ్ళిన గోనెసంచులు తింటుంది, ఎవరి జోలికీ పోదు. మామగారు పోయిన ఏడే వచ్చి చేరింది కాబట్టి ఇంటిల్లిపాదీ ఆయనే వచ్చాడన్నారు. అందుకే కళావతి దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు, పక్కకు తిరిగే నీళ్ళు పోసేది. కోడలు మామను తేరిపార చూస్తుందా?

పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో ఆమెకు అన్నం సయించడం మానేసింది. కొడుకు నర్సింగరావు కాలేజీ ఎగ్గొట్టి తెలంగాణ ఉద్యమంలో తిరుగుతున్నాడు. వీధిలో నినాదాలు మొదలైతే అందులో కొడుకు గొంతు వెతుక్కునేది. వినబడితే భయం, వినబడకపోతే ఇంకా భయం.

ఒక పొద్దున అతను పెరటి గోడ దూకి వచ్చాడు.

"అమ్మా, రైలు ఆపినం. పోలీసోళ్ళు ఎంబడి పడ్డరు."

"ఎంత చెప్పినా ఇనకపోతివి గదరా!" అని తిడుతూనే కళావతి కొడుకును కొట్టుగదిలోకి తోసింది.

అంతలో ముందు తలుపు మీద లాఠీ దెబ్బలు పడ్డాయి. ఆ చప్పుడుకు బెదిరిన గుండుపురుగు నర్సింగరావును కాళ్ళతో పొట్టకిందికి లాక్కుని ముడుచుకుంది. అతని చెప్పు ఒకటి బయట ఉండిపోయింది. కళావతి దాన్ని పల్లీల బస్తా కిందికి తన్నింది.

పోలీసు జమేదారు ఇల్లంతా వెతికి, చివరికి ఆ గుండు ముందు ఆగాడు.

"మా మానుకోట దిక్కు గూడ ఉన్నయి గివి. నీళ్ళు వోస్తే ఇప్పుకుంటయి. ఓ బిందె తేవమ్మా."

వెంకట్రాజం చేతులు జోడించాడు. "సాబ్, అది మా బాపు..."

"అయితే ఏంది? బాపుకు తానం పొయ్యరా?"

పోయనంటే అనుమానం, పోస్తే కొడుకు దొరుకుతాడు. రోజూ మొదటి ధారకే ఒళ్ళు విప్పుకునే జీవమది. కళావతి బిందె వంచింది. గుండు కదల్లేదు. ఇంకో బిందె పోయించాడు. జమేదారు బూట్లు తడిశాయి గానీ అది విప్పుకోలేదు.

అతను వంగి, దాని డొప్పకు చెవి ఆనించి, చాలాసేపు విన్నాడు.

"మీ బాపు కాదు సేటూ, గిది ఆడిది. కడుపుల పిల్ల ఉంటే దేవుడు దిగొచ్చినా ఇప్పుకోదు."

జవాన్లను పిలుచుకుని వెళ్ళిపోయాడు. తెలిసి వదిలాడో, తెలియక వదిలాడో ఆ జమేదారుకే ఎరుక.

కళావతి మొదటిసారి దాని మీద చెయ్యి వేసింది. "అవ్వా, నా కొడుకును నాకియ్యి" అని బతిమాలింది. అది ఇవ్వలేదు. ఎండలు ముదిరాయి. తోటి పిల్లలు జైలుకు పోయి తిరిగి కూడా వచ్చారు. ఓపిక చచ్చిన వెంకట్రాజం గడ్డపార తెస్తే కళావతి అడ్డం నిలబడింది.

"లోపల పిల్లగాడు సస్తడే!"

"నువ్వు పొడిస్తే ఇద్దరూ సస్తరు."

డొప్పకు చెవి పెడితే కొడుకు దగ్గు వినిపించేది. ఆ దగ్గు కోసమే ఆమె బతికింది.

తొలకరి పడ్డ మధ్యాహ్నం గుండుపురుగు తనంతట తనే విప్పుకుంది. నర్సింగరావు తెల్లగా, మెత్తగా, చెక్కుచెదరకుండా బయటికి వచ్చాడు. కళావతి వాటేసుకుని ఏడ్చింది. వంటింట్లో తపేలా జారి పడింది. ఆ చప్పుడుకు అతను తల్లి చేతుల్లోనే మోకాళ్ళు గడ్డానికి ఆనించి గుండ్రంగా ముడుచుకున్నాడు. మళ్ళీ తేరుకోవడానికి పొద్దుగూకింది. ఆనాటి నుంచి కుక్క మొరిగినా అంతే. దవాఖానాలో గోలీలిచ్చారు, ఏ గుణమూ కనబడలేదు. కొడుకు దక్కాడని మొక్కు తీర్చాలో, పోయాడని ఏడవాలో ఆమెకు తెలియలేదు.

వానలు వెనకబట్టాక దోస్తులు ఊరేగింపుగా వచ్చి అరుగు ముందు ఆగారు.

"నర్సింగన్నా, పోదాం రాయే!"

కేకలకు అతను గోడవారన ముడుచుకుపోయాడు. కళావతి అతని వీపు కాసేపు నిమిరి, లేచి, గడప దాటింది.

"ఏడికే?" అన్నాడు వెంకట్రాజం.

"వాడు రాడు బిడ్డా, నేనొస్త. పాండ్రి" అంది పిల్లలతో.

వాళ్ళు పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చారు.