కిర్రుమనే మూడో మెట్టు

మామగారు నవల చెప్పేటప్పుడు బూట్లు వేసుకుని కూర్చునేవారు. “ఊరికి వెళ్తున్నా కదమ్మా, ఉత్తకాళ్లతో ఎలా?” అనేవారు.

ఆ ఊరు సరిహద్దుకు అవతల ఉంది. ఆయన రాతలు గిట్టక అక్కడి ప్రభుత్వం వెళ్లగొట్టి ముప్పై ఏళ్లు దాటింది. తల్లి అక్కడే ఉండిపోయింది, అక్కడే పోయింది. ఇప్పుడు చూపు మందగించి, ఆయన చెబుతుంటే కోడలు కంప్యూటర్లో కొడుతోంది. పుట్టిన ఇల్లు మరపున పడకముందే పుస్తకంలో పెట్టెయ్యాలని ఆయన తాపత్రయం.

“అమ్మ మేడ మెట్లెక్కి వస్తోంది. మూడో మెట్టు కిర్రుమంది...”

కోడలి వేళ్లు ఆగిపోయాయి. కిర్రుమనే మూడో మెట్టు ఈ అద్దె ఇంట్లోది. బట్టల బకెట్టుతో రోజూ ఎక్కేది తనే. చెబుదామనుకుంది. నోరు రాలేదు. అలాగే టైపు చేసేసింది.

ఆదివారం పొద్దున్నే దర్జీ వీడియో కాల్ చేశాడు. మామగారు పుట్టిన ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది అతనే.

“పెద్దాయనా, మీ ఇల్లు చూపిస్తా, మురిసిపోండి!”

ఫోను గది గదీ తిరుగుతుంటే కోడలు చూసింది చూసినట్టు చెప్పింది. వంటగది, గోడలో గూడు, వీధి కిటికీ.

“మెట్లేవి?” అన్నారు మామగారు.

“మెట్లా! దీనికి మేడెక్కడిదండీ? అమ్మగారి నాటి పెంకుల కప్పే ఇది. మీరు మేడ కట్టించి ఇస్తానంటే నేనొద్దంటానా?” దర్జీ పకపకా నవ్వాడు.

ఫోను పెట్టేశాక ఆయన కోడలి వైపు తిరిగారు.

“నీకు ముందే తెలుసు కదూ?”

“అనుమానం వచ్చింది మామయ్యా. మెట్టు మనదేననిపించింది.”

“అనిపించీ టైపు చేసేశావా? భలేదానివే! నా ఇల్లు నాకే గుర్తులేదన్నమాట. తీసెయ్. మెట్లన్నీ తీసెయ్.”

ఆమె ఆ పేరా అంతా సెలెక్ట్ చేసి, డిలీట్ మీద వేలు పెట్టింది.

గది బయట మూడో మెట్టు కిర్రుమంది.

భర్త డ్యూటీకి పోయాడు. వీధి తలుపు లోపలి నుంచి గడియ పెట్టే ఉంది. కోడలు లేచి తొంగి చూసింది.

“ఎవరూ లేరు మామయ్యా.”

ఆయన వంగి, తడుముకుంటూ బూట్ల తాళ్లు విప్పుకున్నారు. రెండు బూట్లూ మంచం కిందికి తోసేశారు.

“ఉండనీ తల్లీ. బతికుండగా అమ్మకి ఇటు రావడానికి కాగితాలివ్వలేదు వాళ్లు. ఈ మెట్లు కూడా తీసేస్తే ఇంక ఏ దారిన వస్తుంది?”