ప్రసూతి వార్డు దూలం

నేను ఒక కాంక్రీటు దూలాన్ని. కాకినాడకు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి ఆసుపత్రిలో ప్రసూతి వార్డు పైకప్పును మోస్తున్నాను. ముప్పై ఎనిమిదేళ్ల కిందట నన్ను పోసినవాడు దేవదానం మేస్త్రి. అప్పటికి అతనికి పాతికేళ్లు. నా కింద ఎందరు పుట్టారో నాకు గుర్తులేదు. తొలి ఏడుపు వినగానే మనుషులంతా బిడ్డ వంకే చూస్తారు. పైకి ఎవరూ చూడరు.

పోయిన వానాకాలం నా పొట్ట కింది పెచ్చు ఊడి ఖాళీ మంచం మీద పడింది. అప్పుడు అందరూ చూశారు. లోపలి ఊచలు తుప్పుపట్టి ఉబ్బిపోయాయి. బాలింతల మంచాలు వరండాలోకి మారాయి.

నన్ను పరీక్షించడానికి వకుళ అనే ఇంజనీరు వచ్చింది. మరమ్మతుకు మేస్త్రిగా దేవదానమే వచ్చాడు. తుప్పు గీకుతూ గీకుతూ చెయ్యి ఆపేశాడు.

"ఇది సముద్రపు ఇసకండి, అమ్మగారూ. దూలం పోసిన రోజే నాలిక మీద ఏసుకుని చూశాను. ఉప్పగా ఉంది. పని పోద్దని నోరు మూసుకున్నాను."

వకుళ ఆ మాట కాగితం మీద రాసుకుంది. "ఇప్పుడు చెప్పారుగా. దానికి తగ్గట్టే చేద్దాం" అంది.

పాడైన భాగమంతా చెక్కి, ఊచలు శుభ్రం చేసి, కొత్త కాంక్రీటుతో పూడ్చారు. అది గట్టిపడ్డాక, నాకు బలం కోసం కార్బన్ నారతో నేసిన నల్లటి గుడ్డను నా పొట్టకు అతికించాలి. ముందుగా చిన్న ముక్క అతికించి యంత్రంతో లాగి చూశారు. జిగురు వదల్లేదు. నా పైపొరే దానితో ఊడి వచ్చింది.

"అంటుకుంది కదండీ, చాలు" అన్నాడు మరమ్మతు పని పట్టిన కాంట్రాక్టరు.

"పైపైన అంటుకుంటే ఏం లాభమండి? లోపల పట్టు ఉండాలి" అన్నాడు దేవదానం.

వకుళ తల ఊపింది. గుడ్డ రెండు కొసల దగ్గరా ఊచలకు తగలకుండా నాలోకి లోతుగా రంధ్రాలు వేయించింది. జిగురులో తడిపిన నార కట్టల్ని వాటిలోకి దింపి, బయట మిగిలిన పోగుల్ని విసనకర్రలా విప్పి గుడ్డ మీద పరిచారు. ప్రతి కట్టనూ దేవదానమే దింపాడు. నాకు నొప్పి తెలియదు. అడుగు తగిలేదాకా అతను నొక్కిన ఒత్తిడి మాత్రం తెలిసింది.

తర్వాత మేడ మీద నీళ్ల డ్రమ్ములు పేర్చి ఒక రోజంతా ఉంచారు. కొద్దిగా వంగాను. బరువు తీసేశాక దాదాపు మునుపటిలా సరయ్యాను. వకుళ కొలతలు రెండుసార్లు చూసుకుని, "మంచాలు లోపలికి తెప్పించండి" అంది.

అందరూ మంచాల కోసం వెళ్లారు. దేవదానం చేతులు కడుక్కుని వచ్చాడు. ఖాళీ వార్డులో, సరిగ్గా నా నడుమ కింద నేల మీద కూర్చుని, క్యారేజీ విప్పి తొందర లేకుండా అన్నం తిన్నాడు.