మైకు గొంతు దాచిన పెట్టె

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తుండేది కాదు. ఊరందరికీ ఆవిడ మైకు. వ్యాన్ల స్టాండులో నిలబడి, ఏ వ్యాను ఎటు పోతుందో అరిచి చెప్పి జనాన్ని ఎక్కించడం ఆవిడ పని. ఆ గొంతు అంతా ఇంతా కాదు. తూర్పుకి పోవాల్సినవాడు కూడా ఆవిడ పిలుపు విని పడమటి వ్యాను ఎక్కేసేవాడు. సగం దారి పోయాక, నేనిందులో ఎందుకున్నానబ్బా అని బుర్ర గోక్కునేవాడు. మేడ మీంచి మొగుణ్ణి భోజనానికి కేకేస్తే వెనకవీధి మొగుళ్ళు కూడా చేతులు కడుక్కుని కంచాల ముందు కూర్చునేవాళ్ళు. సొంత మొగుడు మాత్రం కింద కొట్లో ఫ్యాను విప్పుకుంటూ "వస్తున్నా" అనేవాడు. వచ్చేవాడు కాదు.

అలాంటి గొంతులో పుండు లేచింది. గొంతు పెట్టె మొత్తం తీసేయాలన్నారు డాక్టర్లు. మెడ కింద బెజ్జం పెడతాం, ఊపిరి అందులోంచి ఆడుతుంది, మాట మాత్రం ఇక రాదన్నారు.

మైకు ఏడుస్తూ కూర్చోలేదు. కూతురు కడుపుతో ఉంది. పుట్టబోయే బిడ్డకి కథలు చెప్పాలని ఎప్పటినుంచో కాచుకుని ఉన్న మనిషి. తమ్ముడి చేత పాత కంప్యూటరుకి మైకు పెట్టించుకుని, తలుపేసుకుని, ఆపరేషను రోజు వచ్చేదాకా వచ్చిన కథలన్నీ చెప్పేసింది. రాణికి ఒక గొంతు, దొంగకి ఒక గొంతు, దోమకి ముక్కులోంచి ఇంకో గొంతు. వ్యాను ఎక్కిన ఏనుగు కిటికీ పక్క సీటు కావాలని పేచీ పెట్టే కథయితే చెబుతూ చెబుతూ తనే నవ్వాపుకోలేకపోయింది. జోలపాటలు పాడింది. పిల్ల మొండికేస్తే వినిపించండని నాలుగు తిట్లు కూడా జాగ్రత్త చేసింది.

ఆపరేషనయి ఇంటికొచ్చేసరికి కంప్యూటరు చచ్చిపోయింది. మొగుడు దాని పొట్ట కోసి డిస్కు బయటికి తీశాడు. అది పట్టుకుని మెట్లెక్కుతుంటే మైకు చేతిలోంచి జారి ఒక మూల సొట్టపోయింది. పాడవలేదని తమ్ముడు చూసి చెప్పాక, కూతురు వదిలేసిపోయిన గోళ్ళరంగు తెచ్చి దానిమీద ఎర్ర చుక్క పెట్టింది. అదే తన గొంతు. ఇంకెక్కడా లేదు.

ఇక మొదలైంది బావా బావమరుదుల యుద్ధం.

తమ్ముడు ఏదో ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు. ఆ గొంతుని ఆషామాషీగా ఉంచకూడదు, ఇంట్లోనే ఒక సర్వరు పెట్టె కట్టాలన్నాడు. మూతపడిన ఆఫీసు నుంచి రెండు వాడిన డిస్కులు పట్టుకొచ్చాడు. కంపెనీ అదే, సైజు అదే. మూడూ పక్కపక్కన పెడితే ఒకే కాన్పులో పుట్టినట్టున్నాయి. డిస్కులు సరే, వాటిమీద ఏ ఆపరేటింగ్ సిస్టం వేయాలి, ఏ ఫైల్ సిస్టం పెట్టాలి? ఆపరేటింగ్ సిస్టం అంటే ఇల్లు నడిపే మనిషట. ఫైల్ సిస్టం అంటే ఆ మనిషి అల్మారాలో డబ్బాలు సర్దుకునే పద్ధతట.

తమ్ముడు జెడ్ఎఫ్ఎస్ అన్నాడు. అది ప్రతి డబ్బాకీ సీలు వేస్తుంది, ఒక అల్మారాలో పప్పుకి పురుగు పడితే రెండో అల్మారాలోంచి మంచిపప్పు తెచ్చి నింపేస్తుంది అని చెప్పాడు. మొగుడు విండోసే అన్నాడు. నువ్వు ఊళ్ళో లేనప్పుడు మీ అక్క గొంతు వినాలంటే నీ నల్లతెర ముందు మోకరిల్లాలా అని అడిగాడు. బావ ఒప్పుకోక ఒక తగువు, ఒప్పుకున్నాక ఇల్లు నడిపే మనిషి లినక్సా ఫ్రీబీఎస్‌డీనా అని తమ్ముడికి తనలో తనకే ఒక తగువు. ఇద్దరూ అరుస్తుంటే వీధికుక్కలు పక్కవీధికి కాపురం మార్చేశాయి. ఈలోగా కూతురు ప్రసవించింది. మనవరాలు బోర్లా పడింది, పాకింది, నిలబడింది. వీళ్ళ ఫైల్ సిస్టం మాత్రం ఇంకా కడుపులోనే ఉంది.

మధ్యలో మైకు చాలాసార్లు చెప్పి చూసింది. రాయడం రాదు, వచ్చిందల్లా సంతకమే. డిస్కు చూపించి రెండు వేళ్ళెత్తేది. ముందు ఇంకోచోట ఒక కాపీ పెట్టండ్రా, తర్వాత కొట్టుకు చద్దురుగాని అని. తమ్ముడికి అర్థమయ్యేది కూడా.

"ఎక్కడపడితే అక్కడ పడేస్తే దాన్ని దాచడం అంటారా అక్కా. పెట్టేదేదో ఒకేసారి పద్ధతిగా పెడదాం."

చివరికి ఓ ఆదివారం లినక్సు, జెడ్ఎఫ్ఎస్ ఖాయమయ్యాయి. ఎర్ర చుక్కది ముట్టుకోకు, మిగతా రెండూ పెట్టెలో బిగించు, గొంతుని తర్వాత వాటిలోకి ఎక్కిద్దాం అని తమ్ముడు ముందే బావకి చెప్పాడు. బావ మెకానిక్కు. ఆయన కొట్లో ఒక నియమం ఉంది. స్క్రూ అయినా సరే, రంగులు కరిగించే థిన్నరుతో తుడవకుండా మిషన్లోకి పోదు. దుమ్ముతో బిగించినవాడు మెకానిక్కే కాదంటాడు. ఆ అలవాటున మూడు డిస్కులూ తళతళలాడేట్టు తుడిచాడు. మూడోదానిమీద ఏదో ఎర్రమరక ఉంటే గోటితో గీకి మరీ తుడిచాడు. తర్వాత ఈ చివర రెండూ మనవేగా అనుకుని బిగించేశాడు.

మైకు టీ పట్టుకుని కిందికొచ్చేసరికి పెట్టె మూత తెరిచే ఉంది. లోపల ఒక డిస్కుకి మూల సొట్టపోయి ఉంది.

గ్లాసులు అక్కడే పెట్టేసి, పెట్టె మీద చేయి వేసి గట్టిగా తట్టింది. నోరు తెరిచింది, మెడ బెజ్జంలోంచి గాలి బుస్సుమంది. సొట్టని వేలితో చూపించింది.

"చూశావా బావా, అక్క కూడా నా పద్ధతికే ఓటేసింది."

"ఓటు కాదు, గోడు. ఆ బటన్ వైపు చూపిస్తోంది చూడు. బటన్లు ఉన్న విండోసే పెట్టరా అంటోంది."

ఆవిడ ఆ సొట్టమీద వేలు పెట్టబోతే, షాక్ కొడుతుందక్కా అని తమ్ముడు ఎంతో ప్రేమగా చేయి పక్కకి తీశాడు. వాడిన డిస్కులు కదా, ముందు మొదట్నుంచి చివరిదాకా సున్నాలు రాసి, ఉన్నదంతా చెరిపేసి పరీక్ష చేయాలని బావకి చెబుతూ ఉన్నాడు. మైకు మేడమీదికి పరిగెత్తి గిన్నె, గరిటె తెచ్చింది. గొంతు పోయాక ఆవిడకి అదే పిలుపు. ఇద్దరి వెనకా నిలబడి, గిన్నె సొట్టలు పడేలా కొట్టింది.

ఇద్దరూ తల తిప్పకుండా ఒకేసారి అన్నారు.

"వస్తున్నాం."

తమ్ముడు మీట నొక్కాడు.

అప్పుడావిడ ప్లగ్గు పీకేసింది. పెట్టె గుడ్లు తేలేసింది. మొగుడు మొహం చిట్లించాడు. తమ్ముడు మాత్రం ముచ్చటపడిపోయాడు. కరెంటు పోతే ఏమవుతుందో అక్క పరీక్ష పెడుతోంది బావా, ఇదొక్కటీ మనం మర్చేపోయాం అని ప్లగ్గు మళ్ళీ పెట్టి, పని మొదట్నుంచీ మొదలుపెట్టాడు. ఇది రేపటిదాకా నడుస్తుందన్నాడు. మొగుడు ఆవిడ భుజం పట్టుకుని, ఆకలేస్తోందా, పద, అంటూ బయటికి నడిపించి షట్టరు దించాడు. ఆవిడ ఆయన మొలకున్న తాళంచెవి లాక్కోబోతే, కొట్టు రేపు ఊడ్చుదువుగానిలే, ఏం తొందర అన్నాడు.

మర్నాడు పెట్టె పచ్చ లైటు వెలిగించి, డిస్కులు రెండూ వజ్రాల్లా ఉన్నాయంది. బయట మిగిలిన డిస్కు తగిలించి చూశారు. అందులో ఏమీ లేదు. ఇంకోసారి చూశారు. తర్వాత తమ్ముడు పెట్టెలో ఉన్న డిస్కు మూల సొట్ట చూసి, అక్క మొహం చూడలేక బావ మొహం చూశాడు.

"చుక్క ఏది బావా?"

"చుక్కేంటి, మరక. తుడిచాను." ఆయన చేతిలో గుడ్డ దులిపి అన్నాడు, "అప్పుడే విండోస్ అంటే విన్నావా?"

మళ్ళీ అందుకున్నారు. ఫైల్ సిస్టం తప్పు కాదు, థిన్నరు తప్పని ఒకరు. థిన్నరు తప్పు కాదు, సున్నాలు రాయడం తప్పని ఇంకొకరు. మైకు ఇద్దరి మధ్యనుంచి టీ గ్లాసులు తీసుకుని పైకెళ్ళిపోయింది.

పెట్టె నేటికీ పనిచేస్తోంది. అలాంటి పెట్టె చుట్టుపక్కల లేదని తమ్ముడు వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. వారం వారం సీళ్ళన్నీ సరిచూసుకుని, ఒక్క తప్పూ లేదని కబురు పెడుతుంది. అందులో ఉన్నది ఒకే ఒక్క ఫైలు. కథలు మొదలుపెట్టిన రోజు, కంప్యూటరు మైకులో గొంతు సరిగ్గా పడుతుందో లేదో చూస్తుండగా తమ్ముడు తన ఫోన్లో పట్టిన ముక్క. దాన్ని రెండు డిస్కుల్లోనూ, రెండు సీళ్ళతో దాచారు.

కూతురు వచ్చినప్పుడల్లా మనవరాలు అదే పెట్టించుకుంటుంది. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని, ఆ మెడ బెజ్జం మీద కట్టిన గుడ్డని చూస్తూ వింటుంది. ముందు ఓ దగ్గు, తర్వాత గోడలదిరే గొంతు:

"ఏవయ్యా, వినపడుతోందా?"

కింద కొట్లోంచి, ఫ్యాను రెక్కలు తుడుచుకుంటూ ఆయన ఎప్పట్లాగే అంటాడు.

"వస్తున్నా."

మైకు మనవరాలికి కంచం పెట్టి, తనూ పెట్టుకుని తినేస్తుంది. గరిటె గోడకి వేలాడుతోంది. ఆవిడ దాన్ని ముట్టుకోవడం మానేసింది.